మూడో బెంచీ ఏ రకం వ్యాసం?

జనవరి 9

చిరంజీవి కోడలికి,

మామయ్య ఆశీస్సులు. కవరు బరువు చూసి భయపడకు. ఇందులో ఉత్తరం రెండు పేజీలే. మిగతా ఇరవై రెండు పేజీలూ వ్యాసం. అవును, నేను రాసిందే. మీ అమ్మకి చెబితే "బల్లలు చేసుకునేవాడివి, నీకెందుకురా ఇవన్నీ" అంది. మా అక్క చిన్నప్పట్నుంచీ నేనేం చేసినా ముందు ఆ ముక్కే అంటుంది. కాలు విరిగి మంచంలో పడున్నప్పుడు కూడా అదే అంది. సరే, ఆ గొడవ వేరు.

నువ్వు విద్యా పత్రికలో ఉప సంపాదకురాలివి. నేను బడిలో వడ్రంగిని. ఇద్దరం చదువు పక్కనే బతుకుతున్నాం. ఇద్దర్నీ ఎవరూ చదువుకి సంబంధించినవాళ్లుగా లెక్కెయ్యరు. అందుకే నీకు రాస్తున్నాను.

మా బడిలో నాలుగో తరగతి గదిలో కిటికీ వైపు మూడో బెంచీ ఉంది. ఇద్దరు కూర్చుంటారు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఆ కిటికీలోంచి వెలుతురు వెళ్లి నల్లబల్ల మీద పడుతుంది. మిగతా పంతొమ్మిది బెంచీల నుంచి చూస్తే నల్లబల్ల నల్లగానే ఉంటుంది. ఆ ఒక్క బెంచీలో కూర్చుంటే తెల్లటి రేకులా మెరుస్తుంది. అక్షరం కనబడదు. బెంచీలు నేలకి బోల్టులతో బిగించి ఉన్నాయి. ఎవరెక్కడ కూర్చోవాలో హాజరు పట్టీలో నంబరును బట్టి. ఈ ఆరేళ్లలో ఆ బెంచీలో పన్నెండు మంది కూర్చున్నారు. తొమ్మిది మందిని ఏడాది చివర "ప్రత్యేక శ్రద్ధ విభాగం"లోకి పంపారు. పేరు అంత మర్యాదగా ఉందని చూడకు, పిల్లలు దాన్ని మొద్దుల గది అంటారు. అందులోకి వెళ్లిన పిల్ల తిరిగి మామూలు తరగతికి రావడం నేను చూడలేదు.

ఈ ఏడు ఆ చోట ఒక పిల్ల ఉంది. నేను పిచ్చుక అంటాను. నా షెడ్డుకి వచ్చి చిత్రిక పొట్టు ఏరుకుంటుంది. జిగురు డబ్బా మీద ఉన్న హెచ్చరిక మొత్తం నాకు గడగడా చదివి వినిపించి, "తాతా, ఇది పిల్లలకి అందకుండా పెట్టాలట, నువ్వు నాకు అందేలా పెట్టావు" అని దబాయించింది. ఆ పిల్లకి చదవడం రాదని టీచరు రాసింది. ఏప్రిల్ ఇరవైన ఆ గదికి పంపేవాళ్ల జాబితా గోడకెక్కుతుంది.

హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. "ఆ బెంచీ నాలుగడుగులు జరిపితే చాలమ్మా" అన్నాను.

"మేస్త్రీ, అవి పత్రికలో పడ్డ బెంచీలు" అంది. "పాత హెడ్‌మాస్టరు గారు వాటి మీద వ్యాసం రాశారు. బెంచీలు బిగిస్తే గోల తగ్గి క్రమశిక్షణ పెరిగిందని. ఎన్నో బళ్ల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. పత్రిక మంచివన్నవాటిని నువ్వు చెడ్డవన్నావని పీకెయ్యనా? నువ్వు చెప్పేది కూడా పత్రికలో వేయించు. అప్పుడు చూద్దాం."

ఆ పత్రిక మీదే. వేయించు.

పిచ్చుకని లేపి వేరేచోట కూర్చోబెట్టరాదా అని అడుగుతావని తెలుసు. అప్పుడా చోటికి ఇంకో పిల్ల వస్తుంది. నేను కూడా అంతవరకూ ఆలోచించగలను.

తొందరలో ఉన్న
నీ మామయ్య


జనవరి 17

మామయ్యకి నమస్కారాలు.

ఇరవై రెండు పేజీలూ ఒక్క కూర్చున్నపాటున చదివాను. కిటికీ అద్దాలు బిగించే పద్ధతి గురించి నాలుగు పేజీలు ఎందుకున్నాయో తెలియలేదు గానీ, అవి కూడా చదివాను. అమ్మ బాగానే ఉంది.

ఇక పని మాట. మా పత్రిక ఏ రకం వ్యాసాలు తీసుకుంటుందో ఒక పట్టీ ఉంటుంది. అందులో ఏదో ఒక రకం కింద పంపితే తప్ప ఎడిటర్ గారు కవరు కూడా విప్పరు. మొదటిది పరిశోధన వ్యాసం. దానికి పద్ధతి, కొలతలు, పట్టికలు, ఆ సంస్థ అధిపతి అనుమతి పత్రం కావాలి. పరిశోధనల సమీక్ష అని ఇంకోటుంది, ఇదివరకు వచ్చిన వ్యాసాలన్నీ చదివి బేరీజు వెయ్యాలి. కేస్ స్టడీ అంటే ఒక బడినో ఒక తరగతినో తీసుకుని లోతుగా రాసేది. తరగతి గది అనుభవం అనేది ఉపాధ్యాయులు మాత్రమే రాయాలి. పుస్తక సమీక్ష, చర్చా వ్యాసం ఉన్నాయి. ఆఖర్న సంపాదకుడికి లేఖ. అది మూడు వందల మాటలు దాటకూడదు, పైగా పత్రికలో వచ్చిన వ్యాసం మీద, అది వచ్చిన ఆరు నెలల్లోపు రాయాలి.

ఏ రకమైనా "నేను" అన్న మాట రాకూడదు. సాటివాళ్లు ఇద్దరు చదివి సరేనంటేనే అచ్చు.

నీది ఏ రకమో నువ్వే చెప్పు. చూద్దాం.

ప్రేమతో
నీ మేనకోడలు


జనవరి 26

కోడలా,

పట్టీ అందింది. నాలుగు రోజులు షెడ్డు తలుపుకి అంటించి చూశాను. చూసిన కొద్దీ అరికాలి మంట నెత్తికెక్కింది.

పరిశోధన వ్యాసానికి హెడ్ మేడమ్ అనుమతి కావాలా? పత్రికలో పడితే అనుమతిస్తానని ఆవిడ అంటోంది, అనుమతిస్తే వేస్తామని మీరంటున్నారు. ఇద్దరూ కలిసి నన్ను గానుగ చుట్టూ తిప్పుతున్నారు. తరగతి గది అనుభవం టీచర్లే రాయాలా? ఇరవై ఆరేళ్లుగా ఆ గదుల్లో మోకాళ్ల మీద పాకినవాణ్ని. పిల్లలు బెంచీ కింద ఏం చెక్కుతారో, ఏ కాలు ఊపుతారో, భయం వేస్తే బల్ల అంచు ఎక్కడ కొరుకుతారో నాకు తెలుసు. టీచరుకి వాళ్ల తలకాయలే కనిపిస్తాయి. నాది అనుభవం కాదా? ఇక సంపాదకుడికి లేఖ! ఆ బెంచీల వ్యాసం పడి ఏడేళ్లవుతోంది. ఆరు నెలల్లోపు తప్పు కనిపెట్టకపోతే అది ఒప్పయిపోతుందా? మీ ఆఫీసులో తప్పులకి కూడా మందుసీసాలకిలాగా గడువు తేదీ ఉంటుంది కాబోలు.

పుస్తక సమీక్ష ఒక్కటే నాకు నచ్చింది. బెంచీ సమీక్ష అని రాసివ్వనా?

నేను మేకులు చుట్టి ఇచ్చే కాగితాలు చదివి చదువు నేర్చుకున్నవాణ్ని. సగం వార్త ఒక పొట్లంలో, మిగతా సగం వచ్చే నెల పొట్లంలో. అయినా ఏ కాగితమూ నన్ను "నువ్వే రకం?" అని అడగలేదు.

నువ్వడిగావు కాబట్టి, సాటివాళ్ల చేత చదివించాను. బస్టాండు పక్క షెడ్డు మేస్త్రీ ఒకడు, అద్దాలు కోసేవాడు ఒకడు. మేస్త్రీ "బోల్టు కొలత తప్పు రాశావు, మూడంగుళాలు కాదు, నాలుగు" అన్నాడు. దిద్దాను. అద్దాలాయన "వెలుతురు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం" అని సంతకం పెట్టాడు. రెండు సంతకాలూ ఆఖరి పేజీలో ఉన్నాయి.

నీ పట్టీలో అన్ని గళ్లలోనూ టిక్కు పెట్టి పంపుతున్నాను. ఏదో ఒకటి తగలకపోదు.

మండిపడుతూ
మామయ్య


ఫిబ్రవరి 8

మామయ్యా,

సాటివాళ్లంటే ఆ విషయంలో పండితులని అర్థం. యూనివర్సిటీ ప్రొఫెసర్లు. ఆ రెండు సంతకాలు చూసి ఎడిటర్ గారు గది బయటికి వినిపించేలా నవ్వారు. అందరూ నా వైపు చూశారు. నిన్ను తిట్టుకోలేదులే.

అయినా వదల్లేదు. ఆఫీసు పని ముగించుకుని వారం రోజులు కూర్చుని నీ వ్యాసాన్ని కేస్ స్టడీగా మార్చాను. ఇరవై రెండు పేజీలు ఆరయ్యాయి. కిటికీ అద్దాలు పోయాయి. "నేను" అన్న మాట ఎక్కడున్నా తీసేశాను. పద్నాలుగో పేజీలో ఒక పేరా మొత్తం నీ గురించే ఉంది, అది కేస్ స్టడీకి అక్కర్లేదు కాబట్టి కొట్టేశాను. నిన్ను "పాఠశాలలోని ఒక బోధనేతర ఉద్యోగి" అని పేర్కొన్నాను. బడి పేరూ పిల్లల పేర్లూ రాకూడదన్నది నియమం.

ఇప్పుడిది నిజంగా వ్యాసంలా ఉంది. ఎడిటర్ గారు కూడా "పర్వాలేదే" అన్నారు. ప్రొఫెసర్లు చదవడానికి నాలుగు నెలలు, దిద్దడానికి రెండు, అచ్చుకి మూడు. తొమ్మిది నెలల్లో వస్తుంది. హెడ్ మేడమ్ అనుమతి పత్రం మాత్రం తప్పదు.

చూసి సంతకం పెట్టి పంపు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 15

అమ్మా ఉప సంపాదకురాలు గారికి,

మీరు పంపిన ఆరు పేజీలు చేరాయి. అందులో నేను లేను.

నేను కర్రకి చిత్రిక పడతాను. బెరడు పోతుంది, గరుకు పోతుంది, కర్ర మిగులుతుంది. నువ్వు పట్టిన చిత్రికకి పొట్టే మిగిలింది. "పాఠశాలలోని ఒక బోధనేతర ఉద్యోగి గమనించినట్లు తెలియవచ్చుచున్నది." ఎవరికి తెలియవచ్చింది? ఎవరు గమనించారు? ఆ వాక్యంలో మనిషన్నవాడు ఉన్నాడా? "ఆసనాల అమరిక స్థిరపరచబడినది." ఎవరు స్థిరపరిచారమ్మా? దానంతటదే వచ్చి నేలలోకి దిగిందా?

తొమ్మిది నెలలట! పిచ్చుక జాబితాకి గట్టిగా రెండు నెలలే ఉంది. నీ కేస్ స్టడీ అచ్చయ్యేసరికి ఆ పిల్ల మొద్దుల గదిలో వెనక వరసలో కూర్చుని, తను మొద్దేనని నమ్మడం కూడా పూర్తయిపోతుంది.

హెడ్ మేడమ్ అనుమతి పత్రం మీద సంతకం పెట్టలేదు. "అచ్చయ్యాక తీసుకురా" అంది. ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ పరాయిది.

పద్నాలుగో పేజీలో పేరా కొట్టేశావే, అది ఒక్కటీ ఉంచి మిగతా ఇరవై ఒక్క పేజీలు కొట్టేసినా ఊరుకునేవాణ్ని.

సంతకం పెట్టను.

బోధనేతర ఉద్యోగి


ఫిబ్రవరి 22

మామయ్యా,

"అమ్మా ఉప సంపాదకురాలు గారు" అని రాసి చెంప మీద కొట్టినట్టు చేశావు. సంతోషం. ఇప్పుడు నా మాట విను.

నాకు తెలుసు నీ బాధేమిటో. నీ పేరు పడలేదని. నువ్వు చేసిన ప్రతి బల్ల కిందా ఉలితో నీ పేరు చెక్కుతావు. నా పెళ్లికి చేసిచ్చిన బల్ల కింద కూడా చెక్కావు. చెక్కి ఊరుకున్నావా? వచ్చిన చుట్టాలందర్నీ వంగి చూడమన్నావు. మా అత్తగారికి నడుం పట్టేసింది. ఇప్పుడు ఒక పిల్ల భవిష్యత్తు అడ్డం పెట్టుకుని మా పత్రిక కింద పేరు చెక్కాలనుకుంటున్నావు.

నేను పన్నెండేళ్లుగా ఇక్కడ కూర్చున్నాను. ఎవరెవరివో వ్యాసాలు. వాళ్ల తప్పులు దిద్దుతాను, వాళ్ల వాక్యాలకి కాళ్లూ చేతులూ అతికిస్తాను. ఒక్కదాని కింద నా పేరు పడలేదు. నేనడగలేదు కూడా. నీ వ్యాసానికి వారం రోజులు ఒళ్లు హూనం చేసుకున్నాను. నవ్వులపాలయ్యాను. దానికి నువ్విచ్చిన బహుమానం "పొట్టు".

పద్నాలుగో పేజీలో నీ స్వగతం పాఠకుడికి అనవసరం. ఇవాళ అడిగినా కొట్టేస్తాను.

అమ్మకి ఈ ఉత్తరాల సంగతి చెప్పలేదు. నువ్వు కూడా చెప్పకు.

ఉంటాను.


మార్చి 3

కోడలా,

పద్నాలుగో పేజీ నువ్వు చదివావు గానీ, కొట్టెయ్యడానికి చదివావు. మళ్లీ రాస్తాను.

ఏడేళ్ల కిందటి వేసవి సెలవుల్లో హెడ్‌మాస్టరు నన్ను పిలిచి, బెంచీలన్నీ నేలకి బిగించమన్నాడు. గదికి ఇరవై బెంచీలు, బెంచీకి నాలుగు బోల్టులు. ఎనభై బోల్టులు. నాలుగో తరగతి గది మూడు రోజులు పట్టింది. బిగించాక ప్రతి బెంచీలోనూ కూర్చుని ఊపి చూడ్డం నా అలవాటు. కిటికీ వైపు మూడో బెంచీలో కూర్చున్నాను. పొద్దున పదిన్నర అయి ఉంటుంది. తలెత్తితే నల్లబల్ల తెల్లగా ఉంది.

చూశాను కోడలా. ఆ రోజే చూశాను. అప్పటికి నాలుగు బోల్టులూ నేలలోకి దిగిపోయాయి, సిమెంటు పోసేశాను. మళ్లీ తవ్వాలంటే ఒక పూట పని. హెడ్‌మాస్టరుకి చెబితే నీకెందుకంటాడు. నాకెందుకులే అనుకుని, స్పానరు సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లిపోయాను. మరిచిపోయాను కూడా. పిచ్చుక ఆ జిగురు డబ్బా చదివి వినిపించిన రోజు గుర్తొచ్చింది. వెళ్లి పాత జాబితాలన్నీ తీయించి చూశాను. తొమ్మిది మంది.

బల్లల కింద పేరు చెక్కుకునేవాణ్నే, కాదనను. మంచి పనికి పేరు చెక్కి, ఈ పనికి మాత్రం "బోధనేతర ఉద్యోగి" అని దాక్కోనా? ఆ పేరాలో "నేను" అన్నది పేరు కోసం కాదు. పత్రికలో నలుగురి ముందూ ఒప్పుకోవాలనుకున్నాను. నువ్వు నన్ను మంచివాణ్ని చేసి పెట్టావు. అందుకు వచ్చింది కోపం.

మీ అత్తగారి నడుం సంగతి నాకు తెలియదు. క్షమించమని చెప్పు.

మామయ్య


మార్చి 11

మామయ్యా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. చూసి కూడా ఊరుకున్నావని. రాయకుండా ఉండలేను కాబట్టి రాస్తున్నాను.

మూడో రోజు కింది గదిలోకి వెళ్లి పాత సంచికలు తీశాను. హెడ్‌మాస్టరు గారి వ్యాసం దొరికింది. రకం: తరగతి గది అనుభవం. నాలుగు పేజీలు. చదువుతుంటే వాక్యాలు ఎక్కడో చూసినట్టనిపించింది. పదేళ్ల దాకా అసలు ప్రతులు కట్టలు కట్టి ఉంచుతాం. కట్ట విప్పాను.

ఆయన టైపు చేసి పంపిన ప్రతిలో మూడో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. "కిటికీ వైపు మూడో బెంచీలోని పిల్లలు ఉదయం పూట బోర్డు కనిపించడం లేదని రెండుసార్లు చెప్పారు, దీనిని ఇంకా పరిశీలించవలసి ఉంది." దాని మీద ఎర్రపెన్సిల్ గీత. పక్కన "స్థలాభావం" అని నా చేతిరాత.

పిల్లలు చెప్పారు మామయ్యా. మొదటి ఏడాది పిల్లలు నోరు విప్పి చెప్పారు. ఆయన రాశాడు. నేను కొట్టేశాను. ఆ వాక్యం ఉంచితే వ్యాసం అయిదో పేజీలోకి రెండు లైన్లు జారుతుంది. అందుకు.

ఎడిటర్ గారి గదిలోకి వెళ్లి ఆ కాగితం బల్ల మీద పెట్టాను. మా దగ్గర ఇంకో రకం ఉంది. బయటివాళ్లకి పంపే పట్టీలో దాన్ని వెయ్యం, ఎవరూ కావాలని పంపరు కాబట్టి. సవరణ. పత్రిక వల్ల జరిగిన తప్పుని పత్రికే దిద్దుకోవడం. దానికి ప్రొఫెసర్లు అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు, వచ్చే సంచికలోనే వెయ్యొచ్చు.

"ఏడేళ్ల కిందటి వాక్యానికి ఇప్పుడు సవరణా? పరువు పోతుంది" అన్నారు.

"పోనివ్వండి సార్."

"సరే, 'పత్రిక విచారిస్తున్నది' అని రాసి తీసుకురా."

"పత్రిక చేతిలో ఎర్రపెన్సిల్ లేదు సార్. నా చేతిలో ఉంది."

చాలాసేపు అరిచారు. నేను కూడా అరిచాను. పన్నెండేళ్లలో మొదటిసారి. బయట అందరూ టైపు చెయ్యడం ఆపేశారు. చివరికి ఆఖరి పేజీలో అయిదు లైన్లు ఇచ్చారు. ఆ వాక్యం మొత్తం, తర్వాత "దీనిని కొట్టివేసింది నేను. ఆ బెంచీలు చూసి మీ బళ్లలోనూ బిగించి ఉంటే, వెళ్లి మూడో బెంచీలో కూర్చుని చూడండి", కింద నా సంతకం.

సంచిక ఏప్రిల్ మొదటివారంలో వస్తుంది. నీ పద్నాలుగో పేజీని కొట్టేసినందుకు ఏమనాలో ఇంకా తెలియలేదు.

నీ కోడలు


ఏప్రిల్ 24

కోడలా,

సంచిక వచ్చింది. ఏప్రిల్ ఏడున హెడ్ మేడమ్ బల్ల మీద ఆఖరి పేజీ తెరిచి పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇందులో బోల్టులు విప్పమని ఎక్కడుంది మేస్త్రీ?" అంది.

కోపం అంటే ఏమిటో నాకు అరవై రెండేళ్లొచ్చాక ఆ క్షణాన తెలిసింది. షెడ్డుకెళ్లి స్పానరు, సుత్తి, ఉలి తీసుకుని తిన్నగా నాలుగో తరగతిలోకి వెళ్లాను. పదిన్నర. పాఠం జరుగుతోంది. "పిల్లలూ, కాసేపు బయట ఆడుకోండి" అన్నాను. టీచరు "ఇదేం దౌర్జన్యం!" అంటూ పరిగెత్తింది. మొదటి బోల్టు ఊడేసరికి హెడ్ మేడమ్ ఎదురుగా నిలబడి ఉంది.

"లే మేస్త్రీ. ఇప్పుడే లే."

"లేస్తానమ్మా. మీరొక్కసారి కూర్చోండి."

ఎందుకు కూర్చుందో తెలియదు. బహుశా నా చేతిలో సుత్తి చూసి అయి ఉంటుంది. చిన్న బెంచీ, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. తలెత్తి చూసింది. కాసేపు చూసింది. తర్వాత టీచర్ని మెల్లగా అడిగింది: "బోర్డు మీద ఏం రాశావు?"

ఆవిడ లేచి, చీర దులుపుకుని, "ఎంత జరపాలి?" అంది.

నాలుగడుగులు జరిపాను. వారం తర్వాత ఆ ఇద్దరికీ మళ్లీ పరీక్ష పెట్టారు. ఇరవైన జాబితా గోడకెక్కింది. పిచ్చుక లేదు, దాని పక్కపిల్ల కూడా లేదు. అదే రోజు నాకు మెమో వచ్చింది. బడి ఆస్తి ధ్వంసం, విధుల నుంచి నిలిపివేత, సంజాయిషీ ఇవ్వాలి. "బెంచీ సంగతి బెంచీదే, మెమో సంగతి మెమోదే" అంది హెడ్ మేడమ్, నా మొహం చూడకుండా. సంజాయిషీ ఇచ్చాను. ఒక్క పేజీ. బిగించింది నేను, విప్పింది నేను అని. దాన్నెవరూ ఏ రకమని అడగలేదు, ముద్ర వేసి తీసుకున్నారు.

ఇప్పుడు ఖాళీయే కాబట్టి ఆ తొమ్మిది మంది ఇళ్లు వెతుక్కుంటూ తిరుగుతున్నాను. మీ పిల్లలో లోపం లేదు, బెంచీలో ఉంది అని చెబుతున్నాను. మొదటి ఇంట్లో మంచినీళ్లిచ్చారు. రెండో ఇంట్లో తల్లి ఏడ్చింది. మూడోది ఒక దర్జీ ఇల్లు. అతను మిషను తొక్కడం ఆపి అంతా విన్నాడు. విని, "మొద్దు వెధవా అని వాణ్ని ఆరేళ్లు నా చేత్తో కొట్టాను. ఇప్పుడొచ్చి బెంచీ అంటావా?" అని నా చొక్కా పట్టుకుని వీధిలోకి నెట్టాడు. ఆ కోపం నాకు రావలసిందే, పుచ్చుకున్నాను.

సందు మలుపు దాకా వచ్చానో లేదో, వెనకనుంచి ఆ కొడుకు వచ్చాడు. పదహారేళ్లవాడు, మీసం మొలుస్తోంది, మెడలో కొలతల టేపు. బోర్డు కనబడడం లేదని రెండుసార్లు చెప్పిన మొదటి ఏడాది పిల్లల్లో వాడొకడు. కోపం లేదు వాడి మొహంలో. అది ఉంటే బాగుండేది.

"అయితే తాతా, నాకు చదువు వచ్చేదా?" అన్నాడు.

ఇంకా ఆరు ఇళ్లున్నాయి కోడలా. వాక్యం కొట్టేసింది నువ్వు, బోల్టు బిగించింది నేను. ఒక్కణ్నే చెబితే సగమే చెప్పినట్టు. ఆదివారం మొదటి బస్సుకి రా. దర్జీ ఇంటికి కూడా మళ్లీ వెళ్దాం.

మామయ్య